మంత్రి మాదన్న, తహసీలుదారు గోపన్న

భక్త రామదాసును గురించి వ్యాసం రాయవలసి వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు. ఎనిమిదేళ్ళుగా ఖమ్మంలో డిగ్రీ తరగతులకు దాశరథీ శతకం పాఠం చెపుతున్నాను. కవి పేరు కంచర్ల గోపన్న, వూరు నేలకొండపల్లి, తండ్రి లింగన్న, తల్లి కామాంబ, గోల్కొండ మంత్రులు అక్కన్న మాదన్నలు మేనమామలు, పాల్వంచ పరగణాకు తహసీలుదారు, సర్కారు సొమ్ముతో గుడి కట్టాడు, పన్నెండేళ్ళు చెరసాలలో వున్నాడు. ఇంత చెప్పి, పద్యంలోకి వెళ్ళి, అలంకారాలు చెప్పి, పరీక్షకు వచ్చే ప్రశ్నలు గుర్తు పెట్టించి బయటికి వస్తే నా బాధ్యత తీరిపోయేది. కిందటేడు ఆ పని అంత సులువుగా తీరలేదు. ఏజెన్సీ నుంచి వచ్చిన ఒక కోయ విద్యార్థిని లేచి, “సార్, ఆ ఆరు లక్షలు ఎవరియి సార్?” అని అడిగింది. సర్కారువమ్మా అన్నాను. “సర్కారుకు యాడికెల్లి వచ్చినయి?” అని మళ్ళీ అడిగింది. శిస్తు అన్నాను. “శిస్తు కట్టినోళ్ళ పేరు పాఠంలో లేదేంది సార్?” అన్నది. గంట కొట్టారు. నేను బతికిపోయాను.

బతికిపోవటం విమర్శకుడికి గౌరవం కాదు. ఆ ప్రశ్నకు తరగతిలో ఇవ్వలేకపోయిన జవాబును ఇక్కడ ఇవ్వటానికి ప్రయత్నిస్తాను. జవాబు వెతకబోతే గోపన్నను దాటి మాదన్న దగ్గరికి పోవలసి వచ్చింది. కవిని అర్థం చేసుకోవాలంటే మంత్రిని అర్థం చేసుకోక తప్పదు. మన సాహిత్య చరిత్రలు మంత్రిని మేనమామ అనే ఒక్క మాటతో సరిపెట్టాయి. అసలు చిక్కంతా ఆ మేనమామ దగ్గరే వుంది.

రామదాసును గురించి మనకు ప్రచారంలో వున్న వ్యాఖ్యానాలు ప్రధానంగా రెండు. మొదటిది ఈమధ్య బలపడుతున్నది: తురక రాజ్యంలో హిందూ భక్తుడు పడిన పాట్లే రామదాసు చరిత్ర అంటారు. రెండవది మన వాళ్ళలోనే కొందరిది: ప్రజల సొమ్ము గుడికి తగలేసిన ఫ్యూడల్ ఉద్యోగి ఆయన, ఆయన కీర్తనలు ఆ వ్యవస్థకు పైపూత అంటారు. మొదటి వాళ్ళు గోపన్న బాధను మాత్రమే చూస్తారు. రెండవ వాళ్ళు గోపన్న ఉద్యోగాన్ని మాత్రమే చూస్తారు. ఇద్దరూ కూడా గోపన్న ఎవరి కింద ఉద్యోగం చేశాడో, ఎవరి హయాములో జైలులో వున్నాడో లెక్క వెయ్యలేదు.

లెక్క వేద్దాం. అబ్దుల్లా కుతుబ్‌షా 1672లో చనిపోయాడు. కొడుకులు లేరు. అల్లుళ్ళ మధ్య పోరు జరిగి, చిన్నల్లుడు అబుల్ హసన్ గద్దె ఎక్కాడు. మనం తానీషా అనే వాడు ఇతడే. అంతకుముందు ఏళ్ళ తరబడి షా రాజు కత్తాల్ అనే సూఫీ గురువు ఆశ్రమంలో ఫకీరులాగా గడిపినవాడు. ఇతన్ని గద్దె ఎక్కించిన వాళ్ళలో ముఖ్యుడు సయ్యద్ ముజఫర్ అనే పారశీక అమీరు. మీర్ జుమ్లా పదవి, అంటే ప్రధాన మంత్రిత్వం, ఆయనకే దక్కింది. ఆ ముజఫర్ దగ్గర లెక్కలు చూసే ఉద్యోగి పింగళి మాదన్న. రాజుకు తనను గద్దె ఎక్కించిన వాడి పెత్తనం భారమయింది. ముజఫర్‌ను తప్పించారు. ఆ తప్పించటంలో మాదన్న చెయ్యి వుంది. 1674 నాటికి మాదన్న మీర్ జుమ్లా అయ్యాడు. సూర్యప్రకాశరావు అనే బిరుదు వచ్చింది. అన్న అక్కన్నకూ పెద్ద అధికారాలు వచ్చాయి. 1685 చివరిదాకా, అంటే దాదాపు 11 ఏళ్ళపాటు, గోల్కొండ రాజ్యాన్ని నడిపింది ఈ అన్నదమ్ములే.

ఇప్పుడు గోపన్న చెర సంగతి. సంప్రదాయం పన్నెండేళ్ళు అంటుంది. పన్నెండు అనేది మన కథల్లో తేలికగా వచ్చే అంకె. దాన్ని తు.చ. తప్పకుండా నమ్మవలసిన పని లేదు. అయితే ఆ చెర తానీషా కాలంలోదని కథ ఏకగ్రీవంగా చెపుతుంది. తానీషా రాజ్యం 1672లో మొదలై 1687లో ముగిసింది. ఈ పదిహేనేళ్ళలో ఉద్యోగమూ, గుడి కట్టటమూ, చెరా అన్నీ ఇమడాలి. ఎటు నుంచి లెక్క వేసినా ఒక్క సంగతి తప్పదు. గోపన్న జైలులో వున్న కాలంలో ఎక్కువ భాగం ఆయన మేనమామ ఆ రాజ్యానికి ప్రధానమంత్రి.

హరికథల్లో, యక్షగానాల్లో, సినిమాల్లో ఈ విషయం ఎక్కడా ఇబ్బంది పెట్టదు. మాదన్న పక్కన నిలబడి కన్నీళ్ళు పెట్టుకుంటాడు. అంతటితో సరి. అయితే విమర్శకుడు అక్కడ ఆగాలి. సుల్తానును గద్దె మీద నిలబెట్టిన మంత్రి, 1677లో శివాజీని హైదరాబాదుకు రప్పించి, కర్ణాటక దండయాత్రకు గోల్కొండ ధనమూ సాయమూ ఇప్పించి ఒడంబడిక కుదిర్చిన మంత్రి, సొంత మేనల్లుడిని ఒక బాకీ కేసు నుంచి విడిపించలేకపోయాడా? విడిపించ దలచలేదా?

ఈ ప్రశ్నకు జవాబు గోల్కొండ శిస్తు పద్ధతిలో వుంది. గోల్కొండలో ఇలాకాలను ఇజారాకు ఇచ్చేవాళ్ళు. ఎక్కువ పాట పాడినవాడికి ఇలాకా. అతడు ఖజానాకు కట్టవలసింది కట్టి, మిగిలింది తాను తినేవాడు. కట్టవలసింది వాయిదాల ప్రకారం కట్టి తీరాలి. 1618 నుంచి నాలుగేళ్ళు మచిలీపట్నంలో వున్న విలియం మెత్‌వోల్డ్ అనే ఇంగ్లీషు వర్తకుడు ఈ పద్ధతిని వివరంగా వర్ణించాడు. బాకీ పడిన ఒక బ్రాహ్మణ అధికారిని దర్బారుకు పిలిపించి, చచ్చేదాకా బెత్తాలతో కొట్టించిన సంగతి కూడా రాశాడు. ఆ అధికారి గుడి కట్టలేదు. రాముడి పేరు ఎత్తలేదు. బాకీ పడ్డాడు, అంతే. గోపన్నకు సుమారు అరవై ఏళ్ళ ముందు జరిగిన సంగతి ఇది.

దీన్నిబట్టి గోపన్నకు పడిన శిక్ష మత శిక్ష కాదని స్పష్టమవుతున్నది. బాకీదారు అధికారికి ఆ రాజ్యంలో మామూలుగా జరిగేదే ఆయనకూ జరిగింది. తురకవాడు బాకీ పడినా అంతే, బ్రాహ్మడు బాకీ పడినా అంతే. కొరడాకు మతం లేదు, దానికున్నది వసూలు ఒక్కటే. మొదటి వ్యాఖ్యానం ఈ ఒక్క దెబ్బకే నిలవకుండా పోతుంది.

ఇక మాదన్న మౌనం. ఆయన పదవికి ఆధారమేమిటో చూస్తే ఆ మౌనం అర్థమవుతుంది. ఆయన భక్తుడు. ఆయన పలుకుబడి వల్ల గుళ్ళకూ, పండితులకూ మేలు జరిగింది. ఈనాటికీ హైదరాబాదు పాతబస్తీలో హరిబౌలి దగ్గర మహంకాళి గుడికి అక్కన్న మాదన్నల పేరే వుంది. బెజవాడలో ఇంద్రకీలాద్రి కింద వారికి ఎన్నో శతాబ్దాల ముందు తొలిచిన గుహలకు కూడా జనం వారి పేరే పెట్టుకున్నారు. అయితే భక్తి వల్ల ఆయన మంత్రి కాలేదు. సేనాబలం వున్న అమీర్లను అణచటానికి, సేనాబలం లేని లెక్కల మనిషి రాజుకు అవసరమయ్యాడు. ఖజానా నింపుతాడన్న నమ్మకమే ఆయన బలం. పారశీక అమీర్ల స్థానాల్లో తెలుగు బ్రాహ్మణ ఉద్యోగులను, బంధువులను నింపాడు. కర్ణాటకంలో పొదిలి లింగప్ప లాంటి అధికారి మద్రాసులోని ఇంగ్లీషు కంపెనీకి సరుకులు అందకుండా దారులు మూయించగలిగాడంటే, ఈ కొత్త యంత్రాంగం ఎంత గట్టిదో తెలుస్తుంది. డచ్చి వాళ్ళు, ఇంగ్లీషు వాళ్ళు ఈ అన్నదమ్ముల మీద రాసుకున్న కాగితాలు అన్నీ ఫిర్యాదులే. వర్తకుడు ఫిర్యాదు చేశాడంటే సర్కారు వసూలు బాగా సాగుతున్నదని అర్థం.

అటువంటి మంత్రికి, సర్కారు సొమ్ము గుడికి ఖర్చుపెట్టిన మేనల్లుడిని మాఫీ చెయ్యటం అసాధ్యం. మాఫీ చేస్తే ఏమంటారు? బ్రాహ్మణ మంత్రి ముసల్మాను ఖజానాను తన దేవుడికి దోచిపెట్టాడంటారు. ఆయన పగవాళ్ళు కాచుకుని కూర్చున్నది ఆ ఒక్క మాట కోసమే. వేరే మతం రాజు దగ్గర పెద్ద పదవిలో వున్న మతనిష్ఠుడు నిత్యమూ తన నిష్పక్షపాతాన్ని నిరూపించుకుంటూ వుండాలి. ఆ నిరూపణకు మొదట బలి అయ్యేది సొంత మనిషే. ఇది నా ఊహ అని ఒప్పుకుంటాను. కాని కథ చెప్పిన లెక్కను కథ ప్రకారమే తీసుకుంటే, మేనమామ కన్నీళ్ళ కంటే ఈ ఊహే మంత్రి స్వభావానికి దగ్గరగా వున్నది.

ఇక్కడికి వచ్చాక కీర్తనలను మళ్ళీ చదివాను. రామదాసు పేరున ప్రచారంలో వున్న కీర్తనలు చాలాకాలం నోటి మీదనే నడిచాయి. అచ్చుకు వచ్చింది ఎంతో తరువాత. అన్నీ ఆయనవేనని ఎవరూ ప్రమాణం చెయ్యలేరు. ఆ జాగ్రత్త పెట్టుకునే చెపుతున్నాను. ఆ కీర్తనల గుంపుకు ఒక స్వరం వుంది. అది పోతన స్వరం కాదు, అన్నమయ్య స్వరం కాదు. అది లెక్క అప్పచెప్పే ఉద్యోగి స్వరం. అందరికీ తెలిసిన ఒక కీర్తనలో ఆయన దేవుడి ముందు చిఠ్ఠా విప్పుతాడు. ఏ విగ్రహానికి ఏ నగ చేయించిందీ, దానికి ఎంత పట్టిందీ ఒక్కొక్కటే చదువుతాడు. నువ్వు పెట్టుకుని కులుకుతున్నావు, దెబ్బలు నాకు పడుతున్నాయి, ఇది ఎవడబ్బ సొమ్మనుకున్నావు అనే ధోరణిలో నిలదీస్తాడు. తరువాత అంతలోనే, దెబ్బలకు తాళలేక తిట్టాను, మనసులో పెట్టుకోవద్దని బతిమాలుకుంటాడు.

ఈ కీర్తనను భక్తి పారవశ్యమని, నిందాస్తుతి అని పేరు పెట్టి మన పండితులు దాటిపోతారు. అలా దాటిపోతే అందులోని కొత్తదనం పోతుంది. తెలుగు పాటలో, కచ్చేరీ లెక్క కవిత్వమయింది ఇక్కడ. వసూలు, జమ, ఖర్చు, తాఖీదు అనే ప్రపంచంలో జీవితమంతా గడిపిన మనిషి దేవుడితో మాట్లాడవలసి వస్తే ఆ భాషే నోటికి వచ్చింది. దెబ్బ తగిలిన వీపు ఆ పాటలో వుంది. ఆ వీపు అలంకారం కాదు. తెలుగులో ఒక మనిషి సర్కారు చేతిలో తాను తిన్న దెబ్బలను గురించి ఇంత సూటిగా, వాడుక మాటల్లో పాడుకున్న ఘట్టం అంతకుముందు ఎక్కడున్నదో నాకు చూపించండి. త్యాగరాజు తన కీర్తనలో రామదాసు చెర వీడటాన్ని తలచుకున్నాడు. దారి చూపినవాడని గుర్తించబట్టే తలచుకున్నాడు. కాబట్టి కీర్తనలు ఫ్యూడల్ వ్యవస్థకు పైపూత అనే మన వాళ్ళ మాట కూడా నిలవదు. పైపూత వేసేవాడు దెబ్బల సంగతి చెప్పడు.

అయితే ఆయన నిలదీసింది ఎవరిని? రాముణ్ణి. సొమ్ము ఎవరిదని అడిగింది కూడా రాముణ్ణే. ఆ ప్రశ్నకు సరయిన జవాబు ఆయనకు తెలియకపోలేదు. ఆ సొమ్ము పాల్వంచ పరగణా రైతుది. గోదావరి లంకల్లో పొగాకు, వరి పండించినవాడిది, అడవి అంచున పోడు కొట్టుకున్నవాడిది. వాళ్ళ దగ్గర వసూలు చేసినప్పుడు తహసీలుదారు గోపన్న చేతిలో కూడా ఒక బెత్తం వుండే వుంటుంది. తహసీలుదారు వీపు మీద పడిన దెబ్బ పాటయింది. రైతు వీపు మీద పడిన దెబ్బ పాట కాలేదు. కీర్తనల గొప్పదనమూ ఇదే, వాటి హద్దూ ఇదే. ఒకదాన్ని చెప్పి రెండవదాన్ని దాచటం విమర్శ కాదు.

కథ ముగింపును చూడండి. రామలక్ష్మణులు బంట్లు వేషంలో వచ్చి తానీషాకు బాకీ మొత్తం చెల్లించి, రసీదు పుచ్చుకుని పోతారు. భక్తుడికి దక్కని దర్శనం సుల్తానుకు దక్కుతుంది. ఈ కథను కల్పించిన జనం మనస్సులో సుల్తాను మీద కసి లేదు. అతడు దేవుణ్ణి చూసిన పుణ్యాత్ముడు. కథ పట్టించుకున్నది ఒక్కటే: బాకీ తీరాలి, రసీదు చేతికి రావాలి. దేవుడు కూడా సర్కారు బాకీని మాఫీ చేయించలేదు, కట్టిపోయాడు. ఇంతకంటే రైతు మనస్సును పట్టి చూపే ముగింపు వుండదు. శిస్తు తప్పదని ఎరిగినవాడే ఇలాంటి కథ అల్లగలడు. పదిహేనవ శతాబ్దపు కబీరును కూడా రెండు వందల ఏళ్ళు ముందుకు లాగి, గోపన్నకు గురువుగా నిలిపింది ఆ కథే. 2006లో వచ్చిన సినిమా దాకా కబీరు ఆ కథలో నుంచి పోలేదు. చరిత్ర దృష్టితో అది తప్పు. జనం కోరిక ఏమిటో తెలుసుకోవటానికి మాత్రం అంతకంటే మంచి సాక్ష్యం లేదు. ఈ కథలో మతద్వేషం వెతికేవాడు జనం చెప్పిన కథను వదిలి, తన కథను తానే చెప్పుకుంటున్నాడు.

ద్వేషం లేదని కాదు. అది మాదన్న చివరి దినాల్లో వుంది. 1685 అక్టోబరులో ఔరంగజేబు కొడుకు షా ఆలం సేనలతో వచ్చి హైదరాబాదు పట్టుకున్నాడు. వూరు దోపిడీ అయింది. తానీషా గోల్కొండ కోటలోకి పోయి తలుపులు వేసుకున్నాడు. రాయబారాలు నడిచాయి. మొగలులు పెట్టిన షరతుల్లో కోటీ 20 లక్షల రూపాయల కప్పమూ వుంది, అక్కన్న మాదన్నల తొలగింపూ వుంది. రాజు జంకుతూ కాలం గడిపాడు. 1686 మార్చిలో, అంతఃపురపు పెద్ద స్త్రీల ప్రోద్బలంతో, దర్బారు నుంచి ఇంటికి పోతున్న ఆ అన్నదమ్ములను గోల్కొండ వీధిలో నరికి చంపారు. తలలను మొగలు శిబిరానికి పంపించారు. వూళ్ళో బ్రాహ్మణుల ఇళ్ళ మీద కూడా దాడులు జరిగాయి.

రాజ్యం మీదికి వచ్చిన ఆపదకు కారణం మంత్రి మతం అని దర్బారు నిశ్చయించింది. మంత్రులు పోతే ఆపద పోతుందనుకున్నది. పోలేదు. 1687 మొదట్లో ఔరంగజేబు స్వయంగా వచ్చి గోల్కొండను ముట్టడించాడు. సుమారు ఎనిమిది నెలలకు కోట పడింది. తానీషా దౌలతాబాదు కోటలో బందీగానే చనిపోయాడు. గోల్కొండ ధనం కావలసినవాడికి, దక్కను అంతా కావలసినవాడికి, మాదన్న మతం ఒక సాకు మాత్రమే.

ఇటువంటిది ప్రపంచంలో ఒక్క మనకే జరగలేదు. స్పెయిన్ దేశంలో గ్రెనడా రాజ్యాన్ని పదకొండవ శతాబ్దంలో బెర్బర్ ముస్లిం రాజులు ఏలారు. వారి మంత్రి సామ్యూల్ ఇబ్న్ నగ్రేలా అనే యూదుడు. 993లో పుట్టి, 1056 ప్రాంతంలో చనిపోయాడు. యూదు ధర్మశాస్త్రంలో పండితుడు, హీబ్రూలో మహాకవి, రాజుగారి దండయాత్రల్లో పాల్గొని ఆ అనుభవాన్ని కవిత్వం చేసినవాడు. అతడి తరువాత కొడుకు జోసెఫ్ ఆ పదవిలోకి వచ్చాడు. ఒక ముస్లిం పండిత కవి జోసెఫ్ మీద విషం కక్కుతూ పద్యం రాశాడు. 1066 డిసెంబరులో గుంపులు జోసెఫ్‌ను చంపి, ఆ వూరి యూదులను ఎందరినో ఊచకోత కోశాయి. గ్రెనడాకూ గోల్కొండకూ మధ్య ఆరు వందల ఏళ్ళ దూరం, సముద్రాల దూరం వుంది. పద్ధతి మాత్రం ఒకటే. సేన లేని, వెనక పెద్ద తెగ లేని, వేరే మతం మనిషిని రాజు తనకు అనుకూలమని పదవిలో పెడతాడు. శిస్తు వసూలు చేసిన పాపం అతడి నెత్తిన పడుతుంది. కష్టం వచ్చిననాడు రాజు తప్పుకుంటాడు, మంత్రి మతం వీధిలో దొరుకుతుంది. ఆ మంత్రి పేరు చెప్పి అతడి మతస్థులందరి ఇళ్ళూ తగలబడతాయి. ఈ కాలంలో కూడా, ఏ దేశంలోనైనా, తక్కువ సంఖ్యలో వున్న మతం మనిషి పదవిలోకి వస్తే అతణ్ణి మొదట అడిగే ప్రశ్న సమర్థత గురించి కాదు. నీ విధేయత ఎక్కడ అని అడుగుతారు.

అంతమాత్రాన మాదన్నను మహాత్ముణ్ణి చెయ్యనక్కరలేదు. ఈ అన్నదమ్ముల మాటగా ఒక డచ్చి ప్రతినిధి రాసుకున్న అభిప్రాయం ఒకటి వుంది. మాకు వేరే దేశం లేదు, ఈ దేశం మేలే మా మేలు. ఆ తురక అమీర్లు ఇక్కడ డబ్బు చేసుకుని తమ పుణ్యభూములకు పోయేవాళ్ళు అని దాని సారాంశం. ఇందులో నిజం లేకపోలేదు. పరదేశపు అమీర్లు ఇక్కడి సంపదను తరలించుకుపోయిన మాట వాస్తవమే. అయినా ఆ మాటను గోల్కొండ చివరి రోజులే పరీక్షించాయి. 1687లో రాత్రివేళ లంచం తిని కోట తలుపు తెరిచినవాడు అబ్దుల్లా ఖాన్ పనీ అనే పఠాను. ఆ తలుపు దగ్గర వొళ్ళంతా గాయాలతో పడిపోయేదాకా పోరాడినవాడు అబ్దుర్రజాక్ లారీ. ఇతడు పారశీకుడు. మాదన్న వర్గం దృష్టిలో డబ్బు చేసుకుని పోవలసినవాడు. పుట్టిన దేశాన్నిబట్టి, మతాన్నిబట్టి విధేయతను కొలిచిన మాదన్న కొలబద్ద తప్పింది. చివరకు అదే కొలబద్దతో ఆయన తలనూ కొలిచారు.

ఇంకో మాట. ‘ఈ దేశం’ అన్నప్పుడు ఆ అన్నదమ్ముల మనస్సులో వున్న దేశంలో రైతు వున్నాడా? వున్నాడనటానికి ఆధారం కనపడదు. అమీర్ల ఇజారా పోయి బ్రాహ్మణ ఉద్యోగుల ఇజారా వచ్చింది. వసూలు చేసే చేయి మారింది, చేయి చాచటం మారలేదు. 1686, 87 సంవత్సరాల్లో కోరమండలం తీరాన కరువుతో, రోగాలతో లెక్కలేనంత మంది చనిపోయారు. రాజ్యం పడిపోతే రైతు ఏడ్చాడో లేదో మనకు తెలియదు. ఏడ్చేటంత తీరిక అతడికి వుండి వుండదు.

ఇక భద్రాచలం. ఆ కొండ మీద విగ్రహాలను మొదట చూసి, పందిరి వేసి, పండ్లు పెట్టి పూజించింది పోకల దమ్మక్క అనే అడవి బిడ్డ అని సంప్రదాయమే చెపుతుంది. గుడి కథలో ఆమె మొదటి పుటలో వస్తుంది, రెండవ పుటలో కనపడదు. ఆ నేల కథ కూడా అంతే. 1860లో నిజాము ఆ ప్రాంతాన్ని ఇంగ్లీషు వాళ్ళకు ఇచ్చాడు. అది తిరిగి తిరిగి తూర్పు గోదావరి జిల్లాలో పడింది. 1959లో ఖమ్మం జిల్లాలో కలిపారు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు, పోలవరం ముంపు పేరుతో చుట్టూ వున్న గ్రామాలను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చి, భద్రాచలం రెవెన్యూ గ్రామాన్ని తెలంగాణలో వుంచారు. 2016లో భద్రాద్రి కొత్తగూడెం పేరుతో కొత్త జిల్లా ఏర్పడింది. ఇన్నిసార్లు గీతలు గీసినవాళ్ళు ఒక్కసారైనా కోయ గూడేన్ని అడిగి గీసినట్టు నేను వినలేదు. గిరిజనేతరుల చేతికి ఏజెన్సీ భూమి పోకూడదని 1970లో ఒకటో నెంబరు రెగ్యులేషన్ వచ్చింది. అది కాగితం మీద ఎంత బలంగా వున్నదో, భద్రాచలం వీధుల్లో ఎంత బలహీనంగా వున్నదో అక్కడికి పోయి చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

శ్రీరామనవమినాడు సీతారాముల కల్యాణానికి ప్రభుత్వం తరఫున పట్టు వస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు సమర్పించటం ఆచారం. తానీషా మొదలుపెట్టాడంటారు. రాజ్యాలు మారినా, జెండాలు మారినా ఈ ఆచారం మారలేదు. ముసల్మాను రాజు హిందువుల దేవుడికి ముత్యాలు పంపటంలోని సౌమనస్యాన్ని నేను తక్కువ చెయ్యను. ఈ రోజుల్లో అది గుర్తు చెయ్యవలసిన సంగతే. అయితే ఆ ముత్యాల వెనక మా విద్యార్థిని ప్రశ్న అలాగే నిలబడి వుంది. ఇచ్చేవాడి పేరు మైకులో వినపడుతుంది. ఎవరి సొమ్ము ఇస్తున్నారో వినపడదు.

కనుక ఇప్పుడు నా జవాబు ఇది. ఆ ఆరు లక్షలు మీ తాతలవీ, మా తాతలవీనమ్మా. మంత్రి మాదన్న వాటిని రాజ్యం కోసం లెక్కపెట్టాడు. తహసీలుదారు గోపన్న వాటిని దేవుడి కోసం ఖర్చుపెట్టాడు. సుల్తాను వాటి కోసం కొట్టించాడు. ఔరంగజేబు వాటి కోసమే దండెత్తి వచ్చాడు. ముగ్గురు నలుగురు మతాల వాళ్ళు వాటి చుట్టూ తిరిగారు. ఇచ్చినవాడిని ఎవరూ అడగలేదు. అయినా గోపన్న పాటను మనం పారెయ్యకూడదు. సొమ్ము ఎవరిదని అడగటం తెలుగు పాటకు నేర్పినవాడు ఆయనే. ఆయన ఆ ప్రశ్నను పైకి చూసి అడిగాడు. నువ్వు దాన్ని సూటిగా ఎదటి మనిషి ముఖం చూసి అడిగావు.

అభ్యుదయ విమర్శ చెయ్యవలసిన పని ఆ ప్రశ్నను అక్కడినుంచి అందుకోవటం. భక్తి అనగానే ముఖం తిప్పుకుని, ఆ సాహిత్యాన్నంతా ఎదటివాళ్ళకు వదిలేస్తే, వాళ్ళు దాన్ని మనుషుల మధ్య గోడ కట్టటానికి వాడుకుంటారు. వాడుకుంటున్నారు కూడా. తరగతి గదిలో ఉపాధ్యాయులు ఈ ఏడు దాశరథీ శతకం పాఠం చెప్పేటప్పుడు కవి కాలాదులతోపాటు ఇజారా అంటే ఏమిటో చెప్పండి. మాదన్న ఎట్లా పైకి వచ్చాడో, ఎందుకు చచ్చాడో చెప్పండి. దమ్మక్క పేరు నల్లబల్ల మీద రాయండి. గంట కొట్టేలోపల ఎవరైనా లేచి ప్రశ్న అడిగితే, నాలాగా గంటను నమ్ముకోకండి.